వదినగారి ఇంగ్లీషు

మా అమ్మ అమెరికాలో నేర్చుకున్న ఇంగ్లీషు అమెరికావాళ్ళకి అర్థమయ్యేది కాదు. అందులో అమ్మ తప్పేమీ లేదు. నేర్పినావిడది స్కాట్లండ్.

అప్పట్లో మేం క్యారీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన సోమవారం ప్రాజెక్టుకని ఫ్లైటెక్కితే గురువారానికి ఇల్లు చేరేవాడు. నేను ఆఫీసులో, నా కూతురు డే కేర్‌లో. నాన్న పోయిన మరుసటి ఏడు అమ్మని ఆర్నెల్లకి తీసుకొచ్చాను. తీసుకొచ్చి ఏం ఉద్ధరించానయ్యా అంటే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నరమానవుడు కనపడని వీధిలో, నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టాను.

అమ్మ కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయింది. తిట్టడం ఆవిడకి ఉద్యోగం, సరదా, ప్రేమ, అన్నీను. ఒక్క కేక వేస్తే మేడ మీది గదుల్లో కూడా లైట్లు ఆరిపోయేవి. అలాంటి మనిషికి క్యారీలో తిట్టడానికి ఎవరూ దొరకలేదు. నన్ను తిడితే నేను తిరిగి తిడతాను. మనవరాల్ని తిడితే అది పాటనుకుని చప్పట్లు కొడుతుంది. "గోడంతా గీకి పెట్టినా గుడ్ జాబ్ అంటారేవిటే! ఇదేం పెంపకం, నా బొంద!" అని కొన్నాళ్ళు విసుక్కుంది. ఆ తర్వాత విసుక్కోవడం కూడా మానేసింది. అప్పుడు మాత్రం నాకు భయం వేసింది.

ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఇంటి వెనక చెక్క డెక్ మీద కుర్చీ వేసుక్కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఒసే, పక్కింటావిడ మొగుణ్ణి తిడుతోందే. భాష తెలీదు గానీ తిట్టే, నాకు తెలుసు. మధ్యాన్నం నుంచీ వింటున్నా. తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టలేదు, మహాతల్లి!"

పక్కింట్లో ముసలి దంపతులు ఉండేవారు. ఎప్పుడో కొత్తగా పెళ్ళయిన రోజుల్లో స్కాట్లండ్‌లో ఏదో చేపల రేవు నుంచి వచ్చేశారు. ఆయన బట్టల మిల్లుల్లో యంత్రాలు బిగించే పని చేసి, మిల్లులు మూతపడ్డాక రిటైరయ్యాడు. ఒక్కడే కొడుకు, అరిజోనాలో ఉంటాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ టమాటా మొక్కల మధ్య కుర్చీలు వేసుకుని పొద్దు గుంకేదాకా కీచులాడుకునేవారు. నేను కారు దిగుతూ చెయ్యి ఊపడమే తప్ప ఎప్పుడూ ఆగి మాట్లాడిన పాపాన పోలేదు. ఆవిడ మాట సగం అర్థమయ్యేది కాదు, నాకు తీరిక అంతకన్నా ఉండేది కాదు.

ఆ శనివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళింది. కాటన్ చీర మీద నా పాత స్వెటర్, కాళ్ళకి సాక్సు, చేతిలో కరివేపాకు వేసిన మజ్జిగ గ్లాసు. ఆవిడ చేతికి గ్లాసందించి, ముసలాయన వైపు వేలు చూపించి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని అడిగింది. "ఎస్టర్‌డే, హస్బెండ్, వాట్ స్కోల్డింగ్?"

ఆవిడ కంచె పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని ఒక్కొక్క తిట్టూ విడమరిచి చెప్పింది. గ్లేకిట్ అంటే బుర్ర ఎక్కడో పారేసుకుని నోరు వెళ్ళబెట్టి చూసేవాడట. "వెర్రిబాగులాడు!" అంది అమ్మ. క్రాబిట్ అంటే పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చిర్రుబుర్రులాడేవాడు. త్రాన్ అంటే అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు పోయేవాడు. అమ్మ ఆలోచించకుండా "మొండిఘటం" అంది. ముసలాయన కుర్చీలోంచి లేవకుండానే అరిచాడు, ఆ మాట తన గురించి కాదు, పెళ్ళాం గురించే పుట్టిందని. ఆవిడ వెంటనే "వీష్ట్!" అని కసిరింది. దానికి మాత్రం అర్థం చెప్పక్కర్లేకపోయింది. మేడంతా లైట్లార్పించిన మనిషికి నోర్ముయ్యమనడం ఏ భాషలో అయినా తెలుస్తుంది.

ఆనాటి నుంచి అమ్మకి ఆవిడ వదినగారు. అమ్మని ఆవిడ హెన్ అని పిలిచేది. నేనొకసారి ఊరుకోలేక హెన్ అంటే కోడిపెట్ట అని చెప్పాను. అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకు కూర్చుంది. "పెద్దదాన్ని పట్టుకుని కోడిపెట్టంటుందా, ఎంత పొగరు!" వాళ్ళ ఊళ్ళో నచ్చిన ఆడవాళ్ళందర్నీ అలాగే పిలుస్తారని, మనం అమ్మడూ చిట్టితల్లీ అన్నట్టేనని నేను నచ్చజెప్పాక శాంతించింది. మూడోనాడు తనే కంచె దగ్గరికి వెళ్ళి, "వదినగారూ! హెన్!" అని కేకేసింది.

నేను వారానికో కొత్త మాట వినేదాన్ని. ఒకసారి ఆవిడ, మెసేజెస్ తెచ్చుకోవాలి, కార్లో దింపుతావా అని అడిగితే ఫోన్ కంపెనీకా అన్నాను. కాదు, బంగాళాదుంపలకీ పాలకీ అంది. వాళ్ళకి ఇంట్లోకి సరుకులు తెచ్చుకోవడమే మెసేజెస్. రోజల్లా సన్నగా జల్లు పడుతూ, వెలుతురు లేక, మనసంతా చీకాకుగా ఉంటే ఆ రోజు డ్రీఖ్. ఆ చివరి ఖ అమెరికావాళ్ళ నాలిక్కి పలకదు, అమ్మ ఖడ్గంలో ఖ అన్నంత తేలిగ్గా పలికింది. బదులుగా ముసురు అనే మాట ఇచ్చింది. ఆవిడ "మూసురూ, మూసురూ" అంటూ వంటింటి కిటికీలోంచి ఆకాశాన్ని తిట్టేది. ఇక పాలిపోయి, నీరసంగా ఉన్నవాణ్ణి పీలీవాలీ అంటారని చెప్పినప్పుడు అమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "పీలగా ఉన్నాడనమూ? ఇది మన మాటేనే! వీళ్ళెప్పుడో మన కాకినాడ రేవులో దిగుంటారు!"

చిక్కేమిటంటే, అమ్మ ఇదంతా ఇంగ్లీషే అనుకుంది. చెబితే వినలేదు. "ఆవిడ పుట్టి బుద్ధెరిగి మాట్లాడేదే ఇంగ్లీషు. నువ్వు ఆఫీసులో మాట్లాడేది ఏవిటో నాకు తెలీదు" అనేసింది. బీపీ చూపించుకోవడానికి తీసుకెళ్తే, ఎలా ఉన్నారని అడిగిన డాక్టరుతో "ఐ యామ్ పీలీవాలీ" అని చెప్పింది. ఆయన పాపం కంప్యూటర్ మీద చేతులు పెట్టి నా వైపు చూశాడు, ట్రాన్స్‌లేట్ చెయ్యమని. తలా ఒక వంట తెచ్చుకునే తెలుగు వాళ్ళ పాట్‌లక్‌లో ఒకాయన గ్రీన్ కార్డు గురించి, కొన్న ఇంటి గురించి గంటసేపు ఊదరగొడుతుంటే, "అబ్బో, వట్టి గ్లేకిట్" అంది నవ్వుతూ. ఆయన అదేదో మెచ్చుకోలనుకుని థాంక్యూ ఆంటీ అన్నాడు. డే కేర్ టీచరు ఫోన్ చేసి, మీ అమ్మాయి నన్ను వీష్ట్ అంటోంది, అది మీ భాషలో మాటా అని అడిగింది. ఔనన్నాను. అంతకన్నా ఏం చెప్పను, నా మొహం!

ఒకరోజు మేం ముగ్గురం వాళ్ళ వరండాలో కూర్చుని ఉండగా ఆవిడ నాతో అంది. ఇన్నేళ్ళుగా తనకి రెండు నోళ్ళున్నాయట. కొట్లో, చర్చిలో, కొడుకుతో మాట్లాడేది ఒకటి. దానికి ప్రతి మాటా ఆచితూచి ఏరుకోవాలి. ఇంట్లో మాట్లాడేది ఇంకోటి, దాన్ని వినడానికి ఉన్నది ఒక్కడే. "ఆ ముసలాడికి తోడు ఇప్పుడు మీ అమ్మ" అంది, అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి. మేం లేచి వస్తుంటే ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడి "హేస్ట్ యీ బ్యాక్" అంది. తొందరగా మళ్ళీ రండి అని. అమ్మ ఎప్పట్లాగే వెనక్కి తిరిగి "వెళ్ళొస్తాం వదినగారూ" అంది. ఈ ఒక్కదానికీ నా అనువాదం ఎన్నడూ అవసరం పడలేదు.

సెప్టెంబర్లో ఒక ఉదయం ముసలాయన నిద్రలేవలేదు.

చర్చి నుంచి వచ్చాక వాళ్ళింట్లో అందరూ చేరారు. నల్ల బట్టలు, బల్ల నిండా తిండి, చిన్న గొంతులతో కబుర్లు. అరిజోనా నుంచి కొడుకొచ్చాడు, అందరికీ కాఫీలందిస్తున్నాడు. అమ్మ తెల్లచీర కట్టుకుని వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆవిడ ఏడవలేదు, అమ్మ మాత్రం ఏడ్చింది. చాలాసేపటి తర్వాత చెయ్యి వదిలి, లేచి, ఒక్క మాట మాట్లాడకుండా గుమ్మం వైపు నడిచింది. నేను వెనకే నడిచాను. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది, ఎప్పుడూ అనే మాటే, "హేస్ట్ యీ బ్యాక్" అని. అమ్మ నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. మేం వెనక్కి తిరగలేదు. ఇంటికొచ్చి తలకి స్నానాలు చేశాం.

చావు ఇంటికి వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ రండి అనరు. ఇది ఎవరూ నేర్పరు, మనకి ఊపిరి పీల్చినంత అలవాటు. నాన్న పోయినప్పుడు మా ఇంటికొచ్చినవాళ్ళంతా అలాగే చెప్పులేసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయారు. అందుకే నాకూ ఏమీ తట్టలేదు.

తర్వాత కూడా అమ్మ నన్ను వెళ్ళనివ్వలేదు. "నెల తిరగనీ. తనంతట తను బయటికి రానీ. పచ్చి పుండు మీద చెయ్యి వెయ్యకూడదు, నాకు తెలుసు కదే" అంది. నాన్నని పోగొట్టుకున్న మనిషి తెలుసంటే నేనేం అనను? అమ్మ రోజూ డెక్ మీద కూర్చుని ఆ వంటింటి కిటికీ వైపే చూసేది. అది మూసే ఉండేది. టమాటాలు పండి పండి నేల మీద రాలిపోయాయి. ఆదివారం వెళ్దాం, కారం తగ్గించి పులిహోర చేసి పట్టుకెళ్దాం అని అమ్మ అనుకుంటూ ఉండగానే, ఆ గురువారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాళ్ళ లాన్‌లో ఇల్లు అమ్ముడైపోయిందన్న బోర్డు పాతి ఉంది.

అమ్మని లాక్కుని వెళ్ళాను. ఆవిడ తలుపు తీసింది. ఇంట్లో ఎక్కడ చూసినా అట్టపెట్టెలు. లోపలికి రమ్మంది గానీ మొహంలో నవ్వు లేదు. మర్యాదగా, ఏరుకున్న మాటలతో, కొట్లో మాట్లాడే ఇంగ్లీషుతో మాట్లాడింది. మా అమ్మ ముందు ఆవిడ ఆ నోటితో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఎందుకు వెళ్ళిపోతున్నారు, మాతో ఒక్క మాటైనా అనలేదేం అని అడిగేశాను. నాది దాచుకునే నోరు కాదు. ఆవిడ టేపు ముక్క చేతిలో తిప్పుతూ చెప్పింది. కొడుకు తనతో వచ్చెయ్యమన్నాడట. అక్కడ తమ ఇంటికి దగ్గర్లోనే పెద్దవాళ్ళుండే చోటు చూశాడు. ఆవిడ స్విదర్ అయిపోయింది, అంటే వెళ్ళనా మాననా అని మనసు ఊగిసలాడింది. ఇక్కడ ఆయన సమాధి ఉంది, కంచె అవతల తన మాట తెలిసిన మనిషొకత్తె ఉంది, ఉండిపోదామనే అనుకుంది.

"ఆ రోజు అందరూ ఏదో ఒకటి చెప్పి వెళ్ళారు. మొహం తెలియనివాళ్ళు కూడా కావలించుకుని వెళ్ళారు. మీరిద్దరూ వెళ్తూ నా మొహం కూడా చూడలేదు. పిలిచాను. వెనక్కి తిరగలేదు. రోజూ ఎదురు చూశాను, రాలేదు. మొగుడు పోయినదానితో మీకు పట్టింపులుంటాయేమో, నాతో మీకిక పని లేదేమో అనుకున్నాను. కొడుక్కి సరేనన్నాను."

"ఏవంటోందే?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ అక్కడే ఒక అట్టపెట్టె మీద కూలబడింది.

"అయ్యో అయ్యో అయ్యో. వెళ్ళొస్తానని ఎలా అంటానే ఆ ఇంట్లో? అలా అంటే ఇంకో చావుకి వస్తానని కాదూ! ఆయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఎవరు? ఆవిడొక్కత్తే కదే! నీ చావుకి మళ్ళీ వస్తానని ఆవిడ మొహం మీద చెప్పనా? నా నోరు పడిపోదూ? చెప్పవే, చెప్పు. ఆవిడ నిండా నూరేళ్ళు ఉండాలనే మూసుకున్నానని చెప్పు ఈ పాడు నోరు!"

నేను ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ విన్నంతసేపూ అమ్మనే చూస్తూ నిలబడింది. తర్వాత అమ్మ పక్కన అదే పెట్టె మీద సర్దుకుని కూర్చుంది. "ఓ, హెన్" అంది. "ఓ, హెన్." అప్పుడు ఏడ్చింది, మొగుణ్ణి సాగనంపిన రోజున ఏడవని ఏడుపంతా. ఆ పెట్టె ఇద్దరి బరువుకీ ఒక పక్కకి కుంగిపోయింది, లోపల పింగాణీ ఏదో పగిలిన చప్పుడు కూడా అయింది. ఇద్దరూ లేవలేదు. మనిద్దరం వట్టి గ్లేకిట్ ముసలాళ్ళం అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. అమ్మకి ఆ ఒక్క మాటా అర్థమై గట్టిగా తలూపింది.

అయితే అమ్మిన ఇంటిని వెనక్కి తీసుకునే వీలు లేదు. కాగితాల మీద సంతకాలయ్యాయి, కొనుక్కున్నవాళ్ళు నెలాఖరుకి దిగుతున్నారు. నేను కొడుక్కి ఫోన్ చేసి బతిమాలాను. అతను ఓపిగ్గా విన్నాడు. మా అమ్మకి మీరంటే చాలా ఇష్టం, కానీ మీ అమ్మగారు వచ్చే నెల వెళ్ళిపోతారు కదా, మీరు పగలంతా ఆఫీసులో ఉంటారు కదా, ఇక్కడైతే నేనున్నాను అన్నాడు. అతని మీద అరవాలని ఎంత అనిపించిందో! అరవడానికి అందులో ఒక్క తప్పు మాట దొరకలేదు. కన్నకొడుకు, మంచివాడు.

మిగిలిన ఆ కొద్ది రోజులూ అమ్మ మా ఇంట్లో ఉన్నది తక్కువ. ఇద్దరూ కలిసి పెట్టెలు సర్దారు, కలిసి నన్ను తిట్టారు.

అరిజోనా వెళ్ళిన కొత్తలో ఆవిడ వారం వారం ఫోన్ చేసేది. అక్కడ ముసురు అన్నదే లేదట, ఎప్పుడూ ఎండే, ఆ ఎండ చూసి చూసి స్కన్నర్డ్ అయిపోయానంది. అంటే వెగటు పుట్టిందని. చుట్టూ ఉన్నవాళ్ళు మంచివాళ్ళే కానీ ఏది చెప్పినా ఇంకోసారి చెప్పమంటారట. కాఫీ అడిగినా ఇంకోసారి, కిటికీ వెయ్యమన్నా ఇంకోసారి. నర్సమ్మాయి ఆవిడకి మాట తడబడుతోందని రాసుకుని, డాక్టర్ని పిలిపించిందట. తల పరీక్షలు చేశారట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళకి చెప్పండి, అది మీ భాష అని!" అని అరిచాను. ఎంతమందికని చెప్పను హెన్, వాళ్ళలా మాట్లాడితేనే సుఖం అంది. తర్వాత ఫోన్లు నెలకొకటయ్యాయి. పండగలకి మాత్రమే అయ్యాయి. నేను చేస్తే తీసేది, త్వరగా పెట్టేసేది.

రెండేళ్ళకి అమ్మ మళ్ళీ వచ్చింది. సూట్‌కేసు ఇంకా విప్పనైనా లేదు, వదినగారికి ఫోన్ కలపమని ప్రాణం తీసింది. విమానంలో కూర్చుని మాటలన్నీ వల్లె వేసుకుంటూ వచ్చిందట. కలిపి స్పీకర్‌లో పెట్టాను. అవతల ఎత్తగానే అమ్మ అందుకుంది. డెక్ మీద ఒకప్పటి కేకలాగే, ఊపిరి తిప్పుకోకుండా, త్రాన్ నుంచి డ్రీఖ్ దాకా, తనకి వచ్చిన తిట్లన్నీ ఆవిడ భాషలో వరసగా తిట్టింది. తిట్టి, నవ్వుతూ ఆగింది.

అవతల నుంచి ఒక గొంతు చక్కగా, శుభ్రంగా, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిలా మాట్లాడింది. ఫోన్ చేసినందుకు చాలా సంతోషమంది. తను బాగానే ఉన్నానంది. ఇక్కడ అందరూ చాలా బాగా చూసుకుంటున్నారు, ఎండ ఎంతో హాయిగా ఉంది, మీ రోజు మంచిగా గడవాలి అంది. ఆవిడతో మాట్లాడిన అన్నేళ్ళలో ఒక్క ముక్క పోకుండా నాకు మొత్తం అర్థం కావడం అదే మొదటిసారి. నేను ఏదో అనేలోపు, బై బై అంది, పెట్టేసింది.

అమ్మ ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"ఎవరో ఎత్తినట్టున్నారే. మళ్ళీ చెయ్యి. వదినగారిని పిలవమని చెప్పు."